సాయవ్వ పిలుపు

పోయిన నెల ఒక మధ్యాహ్నం నాందేడ్‌లో చౌఫాలా వైపు ఆటోలో పోతున్నాను. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే డ్రైవరు చొక్కా జేబులోంచి చిన్న డబ్బీ తీసి, అరచేతిలో ఇంత తంబాకు పోసుకుని, గోటితో సున్నం తీసి రాసి, బొటనవేలితో తీరిగ్గా నలపడం మొదలుపెట్టాడు. ఆ ఘాటు వెనక సీటు దాకా వచ్చింది. వేరేవాళ్ళకైతే తుమ్ము వస్తుంది, నాకు ఏడుపు వచ్చింది. చిన్నప్పుడు నా నుదుటి మీద పడిన ప్రతి బొట్టుకూ ఆ వాసనే ఉండేది. ఆ బొట్టు పెట్టే వేలు సాయవ్వది, సాయవ్వ చేతిలో కుంకుమ లేనప్పుడల్లా తంబాకు ఉండేది. ఆ మధ్యాహ్నం నేను పోతున్నది ఆమె ఇంటికే. ఆమె పోయిన సంగతి నాకు మరునాటికి గానీ తెలియలేదు, తెలిసిన వెంటనే బయల్దేరాను.

నాందేడ్‌లో మా గల్లీ అంతా తెలుగువాళ్ళమే. నిజాం కాలంలో ఎప్పుడో మగ్గాలు మోసుకుని కొందరు, మిల్లు పనికి కొందరు, కిరాణా దుకాణాలు పెట్టుకోవడానికి కొందరు వచ్చి అక్కడ కుదురుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగాం. ఏ భాషలో తిట్టు బాగా పండుతుందో ఆ భాషలో తిట్టుకున్నాం. పొద్దున మిల్లు భోంగా కూయగానే గల్లీ లేచేది. వెంటనే మగ్గాల చప్పుడు, జొన్నరొట్టెలు చరిచే చప్పుడు, నల్లా దగ్గర బిందెల కొట్లాట, గాలి అటునుంచి వీస్తే గురుద్వారా కీర్తన, అన్నీ కలిసి వచ్చేవి. దుకాణానికి మరాఠీ పేపరు వచ్చేది గానీ దాంట్లో ఊరి సంగతులే తప్ప మా సంగతులు ఉండేవి కావు. మా సంగతులన్నీ సాయవ్వ నోటి మీద ఉండేవి.

ఆమె మిల్లు కార్మికుడి భార్య. పొడుగు మనిషి, మోకాళ్ళ కిందికి కట్టిన నేతచీర, చంకలో గుడ్డతో చుట్టిన ఇత్తడి కుంకుమ బరిణె. గల్లీలో ఎవరింట్లో పెళ్ళయినా, బిడ్డను తొట్లెలో వేసే వేడుకైనా, వ్రతమైనా ఇంటింటికీ పోయి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలిచే పని ఆమెది. ఆ పని ఆమెకు ఎవరు ఇచ్చారో నాకు తెలియదు, బహుశా ఆమే తీసుకుని ఉంటుంది. "రేపు పొద్దుగాల నర్సయ్యోళ్ళింట్ల తొట్లె ఉన్నది, పిల్లజెల్లలతోని రావాలె, అయినంక మల్ల నన్ను పిలువలేదంటె ఊకోను" అనేసి, అంతటితో పోయేదా అంటే పోదు. గడప మీద చతికిలబడి, మా అమ్మ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగి, రేషన్ దుకాణానికి చక్కెర వచ్చిందని, బాబ్లీ దగ్గర గంగకు, అంటే గోదావరికి, నీళ్ళు ఎక్కువయ్యాయని, ఫలానా కోడలు పుట్టింటికి పోయి నెల దాటినా తిరిగి రాలేదని, ఒక్కొక్కటే విప్పేది. ఇల్లు తాళం వేసి ఉంటే తలుపు చెక్కకే బొట్టు పెట్టి పోయేది. అందుకని మా గల్లీ తలుపులన్నిటికీ ఒకే ఎత్తులో ఎర్రని మచ్చలు పేరుకుని ఉండేవి. పిల్లలమైన మాకు బొట్టుతోపాటు కొంగున కట్టిన బత్తాసా కూడా దొరికేది కాబట్టి ఆమె గల్లీ మొదట్లో కనబడితే చాలు, లగోరి ఆట మధ్యలో వదిలేసి వెంటపడేవాళ్ళం.

బతుకమ్మ రోజుల్లో ఆమె కాలు భూమ్మీద నిలిచేది కాదు. అడవి పక్కన గోకుంద అనే ఊళ్ళో ఆమె తమ్ముడు ఉండేవాడు, అతను తెల్లవారుజాము రైలుబండికి తంగేడు పూలు, గునుగు పూలు మూటలు కట్టి తెచ్చేవాడు. ఆ మూటలు విప్పితే గల్లీ అంతా అడవి వాసన. గునుగుకు రంగులు అద్దడంలో మా చేతులు వారం రోజులు గులాబీగా, ఆకుపచ్చగా ఉండేవి. బడిలో మరాఠీ టీచరమ్మ ఏంటీ వేషమని కసిరేది. ఇళ్ళలో నువ్వుల పొడి, పెసల సత్తు, బెల్లం వేసి పిసికిన మలీద ముద్దలు, పక్కింటి మరాఠీవాళ్ళు పంపిన పురణ్ పోళీ. సాయంత్రం సాయవ్వ పాట ఎత్తుకుంటే మిగతా అందరూ అందుకునేవారు, ఆమె గొంతు తగ్గితే చప్పట్లు కూడా తగ్గేవి. ఆ వలయంలో అమ్మ పక్కన వంగి లేస్తున్నప్పుడు ఈ లోకంలో నాకు తెలియని మనిషి ఎవరూ లేరనిపించేది.

తర్వాత మిల్లు మూతపడింది. భోంగా ఆగిపోయిన పొద్దుటిపూట గల్లీ ఎలా లేవాలో తెలియక చాలాసేపు పడుకునే ఉంది. సాయవ్వ పెనిమిటి కొన్నాళ్ళు అరుగు మీద కూర్చుని, కొన్నాళ్ళు మంచం పట్టి, చివరికి పోయాడు. నాకు అప్పుడు చావంటే సగం సగం తెలిసే వయసు. పదో రోజు తర్వాత ఆమె నుదురు చూసి, ఇక బరిణె ఆమె చేతికి రాదని మాత్రం అర్థమైంది. ముత్తయిదువ కాని చెయ్యి బొట్టుకు పనికిరాదు. అది ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. నాకు ఇప్పటికీ ఆ పద్ధతి మీద కోపమే, కానీ ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియదు, ఎందుకంటే ఆ పద్ధతిని అందరికంటే గట్టిగా పాటించింది సాయవ్వే.

కానీ తిరగకుండా ఉండగలిగే మనిషి కాదామె. చావు కబురు చెప్పే ముసలాయన కాలు విరిగి మూల పడ్డాడు, ఆ పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు. సాయవ్వ బయల్దేరింది. దానికీ ఒక పద్ధతి ఉంది. గడప తొక్కకూడదు. బయట నిలబడి గొళ్ళెం కొట్టి, "కదలుండ్రి, ఫలానా ఆయన పోయిండు" అని ఒక్కమాట చెప్పాలి. కూర్చోకూడదు, ఆ ఇంటి నీళ్ళు ముట్టకూడదు, పోయొస్తానని అనకూడదు. ఒకప్పుడు లేవమన్నా లేవని మనిషి, ఒక్కమాట చెప్పి వెనక్కి చూడకుండా పోవడం నేర్చుకుంది.

గల్లీ ఆడవాళ్ళు కూడా ఒకటి నేర్చుకున్నారు. పొద్దున్నే ఆమె కనబడితే గుండె ఝల్లుమనేది. మా అమ్మ చెడ్డమనిషి కాదు, ఆమెతో కలిసి ఎన్ని బతుకమ్మలు ఆడిందో. అయినా కిటికీలోంచి చూసి, "అగో సాయవ్వ వస్తున్నది, లోపటికి రా బిడ్డా, తల్పు వెట్టు" అనేది. ఒకటి తర్వాత ఒకటి తలుపులు పడుతున్న చప్పుడు సాయవ్వకు వినబడకుండా ఉంటుందా? అందుకే కొన్నాళ్ళకు ఆమె గల్లీ మొదట్లోనే గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. "ఏం లేదవ్వా, ఏం లేదు, ఊకెనే కూరగాయలకు వోతున్న." ఆ మాట చెప్పుకుంటూ, రెండువైపులా మూసిన తలుపుల మధ్య నుంచి, సంచీ పట్టుకుని నడిచి పోయేది. నా చిన్నతనంలో నేను విన్నవాటిలో అంత బాధపెట్టిన మాట ఇంకొకటి లేదు.

మా అమ్మ పోయినప్పుడు ఇంటింటికీ తిరిగింది ఆమే. అప్పటికే మోకాళ్ళు అరిగిపోయాయి, కర్ర పట్టుకుంది. వజీరాబాద్ బజారులో సామాను అమ్ముకుంటున్నవాళ్ళ దగ్గరికి, ఇత్వారాకు మారిపోయినవాళ్ళ దగ్గరికి కూడా పోయి చెప్పి వచ్చింది. మా ఇంటి ముందు నిలబడడానికి చోటు లేదు. పాడె మోయడానికి భుజాలు వంతులు వేసుకున్నాయి. గోవర్ధన్ ఘాట్ దాకా జనమే. తన మీద తలుపేసిన మనిషికి ఇంతమందిని తెచ్చిందే అని నేను ఆమె చేతులు పట్టుకుంటే, "ఊకో బిడ్డా, మనిషి వోయినంక నలుగురన్న రావద్దా" అంది.

ఆ తర్వాత గల్లీ కరిగిపోయింది. మగ్గాలు తూకానికి పోయాయి, ఇళ్ళు మేడలై అద్దెలకు పోయాయి, సాయవ్వోళ్ళు తప్ప మావాళ్ళమంతా ఊరికి తలా ఒక దిక్కున ఫ్లాట్లలో చేరాం. నేను తరోడా దాటి అటు. తెలుగు మాట్లాడటానికి ఫోను తప్ప మిగల్లేదు, అందులో మా పాత గల్లీ గ్రూపు ఒకటి. సాయవ్వ పోయిన కబురు ఆ గ్రూపులోనే వచ్చింది, గులాబీ పువ్వుల శుభోదయాల కింద, ఎవరి మనవడి పుట్టినరోజు కేకు కింద.

ఆటో దిగి ఆమె ఇల్లు చేరేసరికి ఆమె కొడుకు ఒక్కడే అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "గ్రూపుల వెట్టిన గద అక్కా. అందరు దండం బొమ్మ వెట్టిండ్రు" అన్నాడు. మోయడానికి మనుషులు దొరకలేదట, బండి పిలిపించి ఘాట్‌కు తీసుకుపోయాడట. అతని మాటలో నిష్ఠూరం లేదు, దానికే నాకు ఇంకా భయం వేసింది.

బయటికి వస్తుంటే ఎదురింట్లో అద్దెకున్న మరాఠీ ఆవిడ పలకరించింది. పర్భణీ వైపు నుంచి వచ్చారట, మంచి మనిషి. "ఆజీ రోజ్ యాయచ్యా" అని మొదలుపెట్టింది. చివరి వారాల్లో ముసలమ్మ రోజూ కర్ర పట్టుకుని వచ్చేదట, వాళ్ళ ఇంటికే కాదు, గల్లీలో అన్ని ఇళ్ళకూ. గొళ్ళెం కొట్టి ఏదో చెప్పేదట. ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆకలేమోనని భాకరి రొట్టె ఇస్తే తీసుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. ఎండలో వచ్చింది కదా అని నీళ్ళు తెచ్చిస్తే గ్లాసు ముట్టకుండా, వెనక్కి తిరిగి చూడకుండా పోయేదట. పాపం, మతి తప్పిందనుకున్నాం అంది.

ఏం చెప్పేది అని అడిగాను. ఆవిడ కాసేపు గుర్తు చేసుకుని, తనకు తెలియని భాషను జాగ్రత్తగా కూడబలుక్కుని పలికింది.

"కదలుండ్రి... సాయవ్వ పోయింది."