పొద్దున కోసిన ఆకు

తెనాలిలో ఒక ఇంటర్ కాలేజీవాళ్లు బోటనీ చెప్పే కాంట్రాక్టు ఉద్యోగానికి నన్ను డెమో క్లాసుకు పిలిచారు. బాపట్లలో చదువు ముగిసి రెండేళ్లయినా చేతిలో పని లేదు. ఇదీ పోతే ఇక ట్యూషన్లే గతి. పాఠం మాత్రం నాకు కొట్టిన పిండి: ఆకులో పిండిపదార్థం.

మాది రేపల్లె. పొద్దున్నే రైలెక్కాలి కనుక చీకటితోనే పెరట్లో మందారాకులు కోసి, తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. ఎండ ఉన్నంతసేపూ ఆకులో ఒక ఎంజైము గ్లూకోజును పూలమాలలా వరసగా గుచ్చుతుందనీ, ఇంకొకటి ఆ మాలకు కొమ్మలు వేస్తుందనీ, అలా పిండి తయారవుతుందనీ క్లాసులో ధీమాగా చెప్పాను. ఆకును వేడి స్పిరిట్‌లో ఉంచి పచ్చదనం పోగొట్టి, అయోడిన్ చుక్కలు వేశాను. పిండి ఉంటే నల్లబడాలి. గోధుమరంగులోనే ఉండిపోయింది. ఇంకో ఆకు తీశాను. అదీ అంతే. పిల్లలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. శుక్రవారం మళ్లీ రమ్మని ప్రిన్సిపాల్‌గారు అన్నారు గానీ, అది జాలో అవకాశమో తెలియలేదు.

ఇంటికొచ్చి అయోడిన్‌నూ అమ్మినవాణ్ణీ తిట్టుకుంటూ కూర్చున్నాను. అమ్మ చెమటలు కక్కుతూ వచ్చి గడ్డిమోపు దించింది. చల్లటిపూట పొద్దున్నే కోసుకోవచ్చుగా అని ఆవిడ మీద విసుక్కున్నాను.

“పొద్దున కోసింది చప్పగా ఉంటదే. ఎండ తిన్న గడ్డయితేనే గేదె ఇష్టంగా తింటది,” అంది.

నా బుర్ర అప్పుడు వెలిగింది. పగలు దాచుకున్న పిండిని రాత్రంతా వేరే ఎంజైములు విప్పి, చక్కెర చేసి మొక్కకు పెడతాయి. తెల్లారేసరికి ఆకు దాదాపు ఖాళీ. ఇదే సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషిని, రైలు హడావిడిలో ఖాళీ ఆకులు మోసుకెళ్లాను.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆకులు కోసి వెంటనే మరిగే నీళ్లలో ముంచాను. ఆ వేడికి విప్పే ఎంజైములు పనిచేయవు, పిండి ఎక్కడిదక్కడే ఉంటుంది. మర్నాడు చీకటితో కోసిన ఆకు కూడా పట్టుకెళ్లాను, నా తప్పు నేనే చూపిద్దామని. అయోడిన్ పడగానే మధ్యాహ్నపు ఆకు నీలినల్లగా మారింది, రెండోది మారలేదు. ఈసారి పిల్లలు నవ్వలేదు, ఎందుకని అడిగారు. చెప్పడానికి గంట చాలలేదు.

సోమవారం నుంచి పనిలో చేరమన్నారు. ఆ నల్లటి ఆకును కాగితంలో పెట్టి తెచ్చి, జరిగిందంతా అమ్మకు చెప్పాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంత మాత్రానికి బాపట్ల దాకా పోయి చదవాలా? మన గేదెనడిగితే చెప్పేది కదే,” అంది.

అంటూనే ఆ ఆకును తన బైబిల్లో పెట్టి దాచుకుంది.