ఎల్లన్న కాక కత్తి ఎక్కడిది?

మా సారంగాపూర్ ఎల్లన్న కాకకు ఒకటే జబ్బు. తన కత్తి ఎక్కడిదో మీరేం చెప్పినా కాదంటాడు.

సౌదీలో పదిహేనేళ్లు ఒంటెలు కాసి తెచ్చుకున్న ఆస్తి అది. తోటి సూడాన్ మనిషి ఇచ్చాడట. రెండు మూరల పొడుగు, ఎక్కడా వంపు లేదు.

"అరబ్బులదా కాకా?" అంటే, "నీ తల్కాయ! తెల్లోళ్లు యుద్ధానికొచ్చి ఇడిసిపెట్టిపోయింది" అంటాడు. సరే, తెల్లవాళ్లదే అనుకుందామంటే, "ఏం, ఆఫ్రికా కమ్మరోళ్ల చేతులు పడిపోయినయా?" అని మీదికొస్తాడు. మీటరు చూడ్డానికొచ్చిన కరెంటాయన్ని ఓసారి గంటన్నర కూర్చోబెట్టాడు.

ఎదురింటి జలపతితో అయితే రోజూ యుద్ధమే. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు జలపతి. డాక్టరు నడవమన్నా ఆరునెలలు మంచం దిగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చి అరుస్తాడు.

"గీతకత్తి పట్టిన చెయ్యి బావా ఇది! ఉక్కు సంగతి నాకే చెప్తవా?"

పడిలేచిన మనిషితోనా పంతం అని నాకు ఒళ్లు మండింది. ఈ పంచాయితీ తెంపుదామని కత్తి ఫోటో జగిత్యాలలో కమ్మరి సమ్మయ్యకు చూపించాను.

సమ్మయ్య ఫోటో పెద్దది చేసి చూసి నవ్వాడు. "గిది లారీ కింద బరువు మోసే కమాన్ పట్టి సారూ! పిడికాడ బోల్టు తూటు కనవడ్తలేదా? నేను గూడ గవ్విటితోనే కొడవండ్లు చేస్త."

పరుగున వచ్చి చెబితే ఎల్లన్న కాక నన్ను లోపలికి లాగి తలుపేశాడు.

"నాకు తెల్సు. సూడానోడు ఇచ్చిన్నాడే చెప్పిండు."

"మరి గీ లొల్లి ఎందుకే కాకా?"

"మెల్లగ! పంచాయితి తెగితే జలపతి మల్ల మంచమెక్కుతడు. నన్ను ఓడగొట్టాలనే గా ముప్పై అడుగులు నడుస్తుండు. నీకు దండం పెడ్త సతీశ్, చెప్పకు."

ఇంత మంచి మనిషిని మొండివాడనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

తలుపు తీస్తే జలపతి వాకిట్లోనే ఉన్నాడు. "ఏందో కనుక్కొచ్చినవట గద సారూ. ఏడిదట?"

నోటికొచ్చిన దేశం పేరు చెప్పేశాను. "టర్కీదట, అన్నా."

"టర్కీనా! ఎవడన్నడు?"

"జగిత్యాలలో సమ్మయ్య."

"ఆటో పిలువు!" అన్నాడు జలపతి.

"నేను గూడ వస్త! టర్కీ ముచ్చట ఏడికెల్లి అచ్చింది?" అంటూ కాక చెప్పులేసుకున్నాడు.

ఆటోలో ఇద్దరూ అరుచుకుంటుంటే, నేను మధ్యలో ఇరుక్కుని సమ్మయ్యకు మెసేజ్ పెట్టాను: "కమాన్ పట్టి మాట ఎత్తకు. ఏమన్నా సరే, టర్కీదే అను."