నాగర్‌కర్నూల్ బస్సుల అలంపూర్ సీట్లు

మొన్న ఆదివారం మా ఇంట్ల ఒక మనిషి తప్పిపోయిండు. అట్ల చూడకుండ్రి, దొరికిండు! దొరికినోడే ఇప్పుడు మీ ముందర కూసొని చాయ్ తాగుతుండు. నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వుండ్రి, మధ్యల నవ్వితే చాయ్ పొలమారుతది.

మొదటికెళ్లి చెప్త. మా అమ్మ, తెలకపల్లిల ఉండే మా చిన్నమ్మ, మా గల్లీల ఇంకో ముగ్గురు పెద్దమ్మలు. వీళ్లదొక గుంపు. ఏడికి పోయినా కలిసే పోతరు. ఆడోళ్లకు బస్సుల టికెట్ లేకుండైనంక వీళ్లు చూడని గుడి లేదు, తాగని చెరుకు రసం లేదు. వచ్చే ఎండకాలంల రైల్ల కాశీకి పోవాలని ఖాయం చేసుకున్నరు. ఇగ మా బిడ్డ మేఘన పట్టు పట్టింది. మూడో తరగతి. "నాయనమ్మ తోటి నేను గూడ కాశీకి పోత" అని అన్నం ముందర కూసుంటే అదే మాట, బడికి పోతుంటే అదే మాట.

మా ఆమె సరిత ససేమిరా అన్నది. "కొత్తిమీర తెమ్మని పంపితే దారిల కుక్కపిల్లతోని ముచ్చట పెట్టుకుంట నిలబడ్తది. దాన్ని కాశీల వదుల్తవా? ఆ జనంల చెయ్యి జారితే ఏడ దేవులాడాలె?"

తల్లి మాటల గూడ న్యాయం ఉన్నది. పిల్ల మొఖం చూస్తే నాకు పానం ఉసూరుమన్నది. అందుకే మధ్యల ఒక రాజీ చేసిన. ముందుగాల ఈ గుంపుతోని అలంపూర్ పోవాలె. అమ్మవారి దర్శనం, రాత్రికి సత్రంల పడక, తెల్లారి వాపస్. పిల్ల ఎక్కడ తప్పిపోకుండ, ఎవ్వరిని పరేషాన్ చెయ్యకుండ వస్తే కాశీ ఖాయం. ఏ కొంచెం తేడా వచ్చినా కాశీ మాట మళ్ల ఎత్తొద్దు. పిల్లకు ట్రైనింగ్ ఇచ్చే డ్యూటీ నాది, వెంట కాపలా పోయే డ్యూటీ గూడ నాదే. సరిత ఒప్పుకున్నది.

ఇగ చూడుండ్రి నా ట్రైనింగ్! సెల్ ఫోన్ రిపేర్ దుకాణం జల్ది బంద్ చేసి, రోజూ పొద్దుమూకంగనే ఇంట్ల క్లాసు. కుర్చీలన్నీ వరుసగ పెడితే అది బస్సు. అట్టముక్కల మీద ఊర్ల పేర్లు రాసి బోర్డులు చేసిన. గద్వాల అని ఒకటి, కర్నూల్ అని ఒకటి, నాగర్‌కర్నూల్ అని ఒకటి. నేను బోర్డు పట్టుకొని "రైట్ రైట్" అంట. పిల్ల బోర్డు చదివి, అది మన బస్సయితేనే ఎక్కాలె. మోసం చేద్దామని నాగర్‌కర్నూల్ బోర్డు చూపెట్టుకుంట "కర్నూల్ కర్నూల్" అని ఒర్లిన. అది కదల్లే! "నోటి మాట కాదు డాడీ, బోర్డు చూడాలె అని నువ్వే చెప్పినవ్ కదా" అన్నది. నాకు మస్తు గర్వం అనిపించింది.

ఫోన్ నంబర్లు బట్టీ పట్టిచ్చిన. నాది, వాళ్లమ్మది, తెలకపల్లి చిన్నమ్మది. నిద్రల లేపి అడిగినా టకటక చెప్తది. తెల్వనోళ్లు ఏమిచ్చినా తినొద్దు, తెల్వనోళ్లు ఫోన్ చేస్తే మాట్లాడొద్దు అని చెప్పిన. ఎంత గట్టిగ చెప్పిన్నంటే, పక్కింటామె ప్రేమతోని సకినం ఇస్తే గూడ చేతులు వెనకకు పెట్టుకున్నది. పక్కింటామె ఇప్పటికీ మాతోని సగమే మాట్లాడుతది.

మా అమ్మకు ఈ క్లాసులు చూస్తే ఒకటే నవ్వు. "ఓరి కొడకా, నువ్వు గింతున్నప్పుడు నిన్ను కోడేరు సంతకు తీస్కపోతే బర్రెల నడుమ నిద్రపోయినవ్. నువ్వు పిల్లకు జాగ్రత్తలు చెప్పుడా!" అన్నది. నేను పట్టించుకోలే.

ఆదివారం పొద్దుగాల మా వనపర్తి బస్టాండుకు పోయినం. జనం చూస్తే బస్టాండు పగిలేటట్టున్నది. కర్నూల్ బస్సు ఎక్కి అలంపూర్ చౌరస్తాల దిగాలె. మా గుంపుల అందరికీ మోకాళ్ల నొప్పులు. నిలబడి పోతే దేవుని దగ్గరికి కాదు, దవాఖానకు పోవాలె. సీట్లు పట్టుడు నా బాధ్యత. మీకు తెల్వనిదేముంది, ఉరికే బస్సు కిటికీలకెళ్లి తువ్వాల వేసుడుల నాకు చిన్నప్పటి సంది పేరున్నది.

ఒక బస్సు లోపలికి మలిగింది. జనం ఉరికిండ్రు. నేను గూడ! జేబులకెళ్లి ఫోన్ జారుతదని పిల్ల చేతుల పెట్టిన. "డాడీ, బోర్డు చూడలే!" అన్నది పిల్ల. "బోర్డు తర్వాత బిడ్డా, ముందుగాల సీటు!" అన్న.

ఈ మాట అన్నది నేనే. ట్రైనింగ్ ఇచ్చిన సారును!

బస్సు ఇంక ఆగనే లేదు, పక్కకే ఉరుక్కుంట ఒక కిటికీల తువ్వాల, ఒక కిటికీల దస్తీ, ఇంకో దాంట్ల అందరి తిండి ఉన్న సంచి విసిరేసిన. జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ, పులిహోర అన్నీ దాంట్లనే. తొక్కిడిల నేను ఎక్కలే, జనమే నన్ను ఎక్కిచ్చిండ్రు. లోపటికి పోయి చూసుకుంటే ముందు వెనక రెండు సీట్లు, ఆరుగురికి సరిపోయేటట్టు నా చేతుల! పిల్లను ఒళ్లె కూసోపెట్టుకుంటే అయిపోయె. ఒక సీట్ల నేను కూసున్న, ముందు సీటు మీద సంచి పెట్టి రెండు చేతులు అడ్డం పెట్టిన.

కిటికీలకెళ్లి చూస్తే మా గుంపు దూరంగ నిలబడి నాకు చేతులు ఊపుతున్నరు. ఐదుగురు అమ్మలు, నడుమ నా బిడ్డ, గట్టిగ ఊపుతున్నరు. సీట్లు దొరికినయని సంబురపడుతున్నరు అనుకున్న. నేను గూడ తువ్వాల తీసి గాలిల తిప్పిన! అంతల ఇంకో బస్సు అడ్డమొచ్చింది, వాళ్లు కనబడలే. వెనక డోరు దిక్కు వస్తున్నరు కావచ్చనుకొని, "అమ్మా, ఎక్కినవా?" అని ఒర్లిన. వెనకకెళ్లి "ఆఁ, ఎక్కిన బిడ్డా" అని వినబడ్డది. బస్సు నిండ అమ్మలే ఉన్నరని నాకప్పుడు యాదికి రాలే. బస్సు కదిలింది.

ఆ సీట్ల కోసం నేను చేసిన యుద్ధం మామూలుది కాదు. ఒక ముసలామె "జర జాగియ్యి నాయనా" అంటే, "మా అమ్మ వస్తున్నది, మోకాళ్ల నొప్పులు" అన్న. ఇంకొకామె "నీ అమ్మ ఏడున్నదయ్యా, మాకైతే కనబడ్తలేదు" అని లొల్లి పెట్టుకున్నది. నేను మెత్తబడలే. బస్సు ఊరు దాటి చేన్లల్ల పడ్డంక కండక్టరమ్మ జనంల ఈదుకుంట వచ్చింది.

"నాకొక్కటి అలంపూర్ చౌరస్తా. మావోళ్లు ఆడోళ్లు, వెనక ఉన్నరు" అన్న దర్జాగ.

ఆమె నన్ను చూసింది, సంచిని చూసింది. "అన్నా, గిది నాగర్‌కర్నూల్ బస్సు."

బస్సంత ఒక్కసారే నవ్వింది. లొల్లి పెట్టుకున్నామె అయితే చక్కగ వచ్చి సంచి తీసి నా ఒళ్లె పెట్టి, ఆ సీట్ల కూసున్నది.

అప్పుడు నాకు సిగ్గు గాదు, భయం పట్టుకున్నది. పిల్ల ఏడున్నదో! నన్ను దేవులాడుకుంట బస్సుల నడుమ ఉరికితే? పక్కనున్న పెద్దాయన ఫోన్ అడుక్కున్న. చేద్దామంటే ఎవరికి చెయ్యాలె? సరిత నంబర్ యాదికి లేదు. చిన్నమ్మది లేదు. రోజూ పదిమంది ఫోన్లు విప్పి బిగిచ్చేటోన్ని, నాకు యాదికున్నది నా నంబర్ ఒక్కటే. దానికే చేసిన.

"హలో, ఎవరు?" మా పిల్ల!

"నేను బిడ్డా, డాడీని!"

"మా డాడీ ఫోన్ నా దగ్గరనే ఉన్నది. మీరు మా డాడీ ఎట్లయితరు?" అని టక్కున కట్ చేసింది.

ఒకదిక్కు ఏడుపొస్తున్నది, ఒకదిక్కు శెభాష్ అనబుద్ధయితున్నది. మళ్ల చేసిన. ఈసారి గొంతు తగ్గించి అడిగింది. "మీరు మా డాడీయే అయితే, మా నాయనమ్మ నస్యం డబ్బా ఏడ దాచిపెడ్తది?"

"దిండు గలీబుల!" అని ఒర్లిన.

అటుదిక్కు స్పీకర్ మీద మా అమ్మ గొంతు: "ఓరి నీ నోరు పడ, గది నీకెట్ల తెలుసురా!"

పానం లేచొచ్చింది. అందరు అసలు కర్నూల్ బస్సుల కూసొని పోతున్నరంట. సీట్లు గూడ దొరికినయంట! ఎట్లంటే, మా పిల్ల బోర్డు చదివి ఆపింది కాబట్టి అందరు నేనెక్కిన బస్సు ఎక్కలే. నాకు చేతులు ఊపింది దిగమని. వెనకనే కర్నూల్ బస్సు వస్తే పిల్ల కండక్టర్ దగ్గరికి పోయి, "మా నాయనమ్మోళ్లకు మోకాళ్ల నొప్పులు సార్" అని అడిగిందంట. ఆయననే జనాన్ని జరిపి కూసోపెట్టిండంట. తువ్వాల లేదు, ఉరుకుడు లేదు. నోటితోని అడిగితే సీటు ఇస్తరని నాకింత వయసొచ్చినా తెల్వదు.

నేను లేనని మా అమ్మ బస్సు దిగుతనంటే ఆపింది గూడ పిల్లనే. "డాడీ పెద్దోడే నాయనమ్మా, వస్తడు. మనం చౌరస్తాల దిగి ఒక్క దగ్గరనే నిలబడుదం" అన్నదంట.

ఈ ఫోన్ ఎవరిదని అడిగితే, పక్కనున్న తాతది అన్న. "డాడీ, ఆ తాతకు ఫోన్ ఇయ్యి" అన్నది. ఇచ్చిన. పెద్దాయన విన్నడు, తల ఊపిండు, విన్నడు, తల ఊపిండు. వచ్చే స్టేజీల నాతోని పాటు తను గూడ దిగిండు. "ఎందుకు పెద్దాయనా, నీకు ఆలస్యమైతది" అంటే, "నీ బిడ్డకు మాటిచ్చిన. వనపర్తి బస్సు బోర్డు చదివి, నిన్ను ఎక్కిచ్చినంకనే పొమ్మన్నది" అన్నడు. చెయ్యి పట్టుకొని నిలబడ్డడు. చేన్ల పనికి పోయేటోళ్లు చూసుకుంట పోయిండ్రు.

వనపర్తికి వచ్చి, బోర్డు రెండుసార్లు చదివి, కర్నూల్ బస్సు ఎక్కి, చౌరస్తాల దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఒక హోటల్ నీడకు అందరు కూసొని ఉన్నరు. మా పిల్ల ఒక్కతే లేచి నిలబడి, వచ్చిన ప్రతి బస్సు డోరు దిక్కు చూస్తున్నది. నన్ను చూడంగనే ఉరికొచ్చి నడుము పట్టుకున్నది. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాక ఏడ్వలేదంట. నాకు గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంత పిల్ల, లోపట ఇంత భయం పెట్టుకొని, ఐదుగురు పెద్దమనుషులను ఆగం కాకుండ తెచ్చింది. నా బిడ్డ అని చెప్పుకునే అదృష్టం నాది.

మిగిలిన ప్రయాణం మంచిగనే అయింది. దర్శనం అయింది, రొట్టెలు తిన్నం, సత్రంల అందరికంటె ముందుగాల నిద్రపోయింది పిల్లనే. తెల్లారి ఇల్లు చేరినం. గుమ్మంలనే సరిత. ఆమెకు సంగతంత ఎరికే. ఎట్లంటే, నాకంటె ముందుగాల పిల్లనే ఫోన్ చేసి చెప్పిందంట: "అమ్మా, మేమందరం మంచిగున్నం. డాడీ ఒక్కడు తప్పిపోయిండు. నువ్వు ఏడ్వకు."

సరిత పిల్లను దగ్గరికి తీస్కొని, చాలాసేపు తల నిమిరింది. "పో బిడ్డా, నాయనమ్మ తోటి కాశీకి పో. నాకు భయం లేదు" అన్నది. పిల్ల ఎగిరిన ఎగురుడు గల్లీ అంత వినబడ్డది.

టికెట్లు గూడ బుక్ అయినయి. గద్వాల స్టేషన్ల రైలెక్కుడు. నేను గూడ స్టేషన్ దాకా వచ్చి సామాన్లు ఎక్కిచ్చి పోత అన్న. ఇంట్ల అందరు ఒక్కటే మాట, వద్దంటే వద్దన్నరు. ప్లాట్‌ఫారం మీదికి ఏ రైలు ముందొస్తే దాంట్ల సీట్లు పట్టి కూసుంటనంట!