అత్యవసరం అని చెప్పినప్పుడు మాత్రమే

మా మేనత్తకు ఎడమ కన్ను పోయింది. అది పోవడానికి కారణమైన వాక్యం రాసింది నేను. ఆ సంగతి ఆవిడకు ఈనాటికీ చెప్పలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. పెంచిందంతా అత్తే. నర్సీపట్నంలో మా చర్చిలో ఆదివారం బైబిలు పాఠం చదివేది ఆవిడే. కుడి కన్ను చిన్నప్పటి నుంచీ మందం, చదువంతా ఎడమ కంటితోనే. కళ్ళజోడు సర్దుకుని, చిట్టచివరి బెంచీలో కూర్చున్న చెవిటి ముసలమ్మకు కూడా అందేలా చదివేది.

నాది విశాఖలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, పని మాత్రం ఇంట్లోంచే. ఆసుపత్రులకొచ్చే ఫోన్లు ఎత్తే ఏఐ ఏజెంట్‌ను మేం తయారుచేస్తాం. అది మనిషిలాగే మాట్లాడుతుంది. దానికి కొన్ని టూల్స్ ఇస్తాం. అపాయింట్‌మెంట్ ఇచ్చేదొకటి, తేదీ మార్చేదొకటి, అదే రోజు డాక్టర్‌కు చూపించేదొకటి. ఏ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో నాలుగు ముక్కల్లో రాసిపెట్టాలి. ఏజెంట్‌కు ఆ రాతే ఆధారం. అందులో లేనిది దానికి తెలియదు. ఆ రాతలు రాయడమే నా పని.

"రోజంతా ఏటి రాస్తావే?" అని అత్త అడిగితే ఒకసారి చదివి వినిపించాను.

"బాగానే ఉన్నాది గానీ, ఫోను సేసేవోళ్ళు ఎలగ మాటాడతారో కూడా రాయవే. మనోళ్ళు నోరిప్పి అడుగుతారేటి?" అంది.

"నీకు తెలీదులే అత్తా, పొట్టిగా ఉండాలి" అన్నాను. నా పొగరు అలాంటిది.

మా ఊళ్ళోని ఒక కంటి ఆసుపత్రి కూడా ఈ ఏజెంట్‌ను పెట్టుకుంది. మొదట్లో అది అడిగిన వాళ్ళందరినీ అదే రోజు రమ్మనేసింది, కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదన్న వాళ్ళను కూడా. డాక్టర్లు గగ్గోలు పెట్టారు. అప్పుడు ఆ టూల్ కింద ఒక ముక్క చేర్చాను: "రోగి అత్యవసరం అని చెప్పినప్పుడు మాత్రమే వాడాలి." ఇలా రాయాలి అందరూ, ఎంత స్పష్టంగా ఉందో చూడండి అని మా టీమ్ లీడ్ మెచ్చుకున్నాడు. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక గురువారం, "కన్ను సూపించుకోవాలే, తోడొస్తావేటి?" అంది అత్త. ఆటోలో వెళ్ళాం. డాక్టరమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. కంటి వెనక పొర ఊడిపోయిందట. కంట్లో మెరుపులు కనిపించిన రోజే వచ్చి ఉంటే కాపాడేవాళ్ళమంది. విశాఖ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాను. చూపు రాలేదు.

ఆ గురువారం తిరిగొచ్చేటప్పుడు ఆటోలోనే అత్త మీద విరుచుకుపడ్డాను. "నోరు లేదా నీకు? పక్క గదిలోనే ఉన్నాను కదా!"

"నువ్వు మీటింగులో ఉన్నావు గదే. నానే ఫోను సేసేను. పది రోజులకి ఇచ్చేరు. ఆ పిల్ల ఎంత మర్యాదగా మాటాడిందో!"

ఆ పిల్ల ఎవరో నాకు తెలుసు. మా ఏజెంటే.

మర్నాడు కాల్ రికార్డులు తెరిచాను. ఏజెంట్ ఎక్కడ తప్పుతోందో వెతకడం కూడా నా పనే. అత్త మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి.

"తల్లీ, కన్ను సూపించుకోవాలమ్మా. నిన్నటి నుంచి ఎడం కంటికి ఓ పక్క నల్లటి తెర దిగినట్టున్నాది. మెరుపులు కూడా."

"మీకు అత్యవసరమా అండీ?"

"అబ్బే, నాకేటి అత్యవసరమమ్మా! సంటిపిల్లలుంటారు, ముసిలోళ్ళుంటారు, ఆళ్ళకియ్యి. నాకు మీకు కుదిరినప్పుడే. దేవుడు నిన్ను సల్లగా సూడాలి తల్లీ."

డెబ్బయ్యేళ్ళ మనిషి ముసిలోళ్ళకు ఇమ్మంది. మెషీన్‌ను దీవించింది. ఏజెంట్ తప్పేమీ చేయలేదు, నేను రాసింది రాసినట్టు చేసింది. అదే సమయానికి నేను పక్క గదిలో తలుపేసుకుని, టూల్ వివరణ స్పష్టంగా ఎలా రాయాలో కొత్తవాళ్ళకు పాఠం చెబుతున్నాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

మా వైపు మనుషులు తమ కోసం తొందర అనరు. కొయ్యూరు కొండల్లోంచి జ్వరంతో దిగొచ్చిన వాళ్ళు కూడా డాక్టర్ గారు టీ తాగేదాకా బయటే కూర్చుంటారు. ఇది నాకు ఎవరో చెప్పాలా? రాసేటప్పుడు మాత్రం వీళ్ళలో ఒక్కరూ గుర్తు రాలేదు.

ఇప్పుడు చర్చిలో పాఠం ఒక కాలేజీ అమ్మాయి గబగబా చదివేస్తుంది. అత్త నా పక్కన కూర్చుని, కంఠతా వచ్చిన చోటల్లా పెదవులు కదుపుతుంది.

ఆ ముక్క కొట్టేసి మళ్ళీ రాశాను. "నల్లటి తెర, మెరుపులు, చూపు ఒక్కసారిగా తగ్గడం. రోగి వీటిలో ఏది చెప్పినా ఈ టూల్ వాడాలి. అత్యవసరమా అని అడగకూడదు. తొందర లేదని రోగే అన్నా అదే రోజు రమ్మనాలి." పొడుగైంది.

పరీక్షించి చూడాలి కదా. నిన్న పొద్దున అత్త మాటలే, ఒక్కటీ మార్చకుండా, టైపు చేశాను. ఏజెంట్ స్పీకర్లో గట్టిగా పలికింది. "వెంటనే బయల్దేరండమ్మా. ఈ రోజు పదకొండు గంటలకు డాక్టర్ గారు చూస్తారు."

ఈ మధ్య నేను గది తలుపు వేయడం లేదు. ముందు గదిలో అత్త మూసిన బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవురికే అది?" అంది.

"ఎవరో పెద్దావిడకి అత్తా. కంటికి తెర అడ్డొచ్చిందట."

"పోన్లే పాపం, బేగి రమ్మన్నారు. కన్ను దక్కుతాది."

"పేషెంట్ పేరు చెప్పండమ్మా" అంది ఏజెంట్. అత్త పేరులో మొదటి అక్షరం కొట్టి చెరిపేశాను. ఏజెంట్ మళ్ళీ అడిగింది.

"పేరడుగుతున్నారు గదే," అంది అత్త. "బేగి సెప్పు. పాపం, ఆలీసమైపోతాది ఆవిడకి."