తొంభై వేళ్ళ పాలసీ

రాజనర్సుకు మనుషుల ముఖాలు గుర్తుండవు, వేళ్ళు గుర్తుంటాయి. ఎదుటివారి వేళ్ళు లెక్కపెట్టకుండా అతను మాట మొదలుపెట్టగా నేను ఎన్నడూ చూడలేదు. పెళ్ళికి పిలిస్తే వధూవరుల చేతులు చూసి, "ఇరవై. మంచిగున్నరు" అని ఆశీర్వదించేవాడు. మొదటిసారి కలిసినప్పుడు నా నమస్కారాన్ని కాసేపు పరిశీలించి "పది" అన్నాడు.

సూరత్‌లోని ఉధ్నాలో అతనికి చిన్న మరమగ్గాల కార్ఖానా. పనివారు తొమ్మిదిమంది, అందరూ సిరిసిల్ల వైపు వారే. నేను రింగ్ రోడ్డులో ఒక బీమా కార్యాలయంలో అధికారిని. కార్మిక పరిహార బీమా కోసం అతను నింపి తెచ్చిన దరఖాస్తులో పనివారి సంఖ్య అన్నచోట తొంభై అని ఉంది.

"తొమ్మిదిమందే అన్నారు కదా?"

"మంది తొమ్మిదే సారూ. వేళ్ళు తొంబై. మగ్గం మందిని కొరుకుతదా? వేళ్ళనే కొరుకుతది."

పనిలో ఉండగా, పని కారణంగా ఎవరికైనా దెబ్బ తగిలితే, తన తప్పేమీ లేదన్నంత మాత్రాన యజమాని తప్పించుకోలేడనీ, ఆ బాధ్యత మోయడానికే ఈ పాలసీ అనీ వివరించాను. ఏ వేలు పోతే ఎంత నష్టంగా లెక్కిస్తారో చెప్పే పట్టిక కూడా చూపించాను. అతను చిటికెనవేలి వరుస దగ్గర ఆగిపోయాడు.

"బొటనవేలికి గంత, చిటికెనవేలికి గింతేనా? అదేం పాపం జేసింది సారూ?"

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న.

2020 లాక్‌డౌన్‌లో ఆ పాలసీ గడువు దగ్గరపడింది. మగ్గాలు ఆగాయి గనుక, మళ్ళీ తెరిచినప్పుడే తీసుకోవచ్చని ఫోనులో సలహా ఇచ్చాను.

"ఒక్క వేలు గూడ తియ్యొద్దు సారూ. తొంబైకి తొంబై ఉండాలె."

ఆగిన మగ్గం ఎవరి వేలినీ కొరకదు. అయినా బీమా కావాలంటున్నాడంటే దొంగచాటుగా నడుపుతున్నాడేమోనని అనుమానించడం సబబే. అదే నిజమైతే నేను పాలసీ నిరాకరించాలి. తీర్పు చెప్పేముందు కళ్ళారా చూడాలని, పాసు సంపాదించి, స్కూటరు మీద ఉధ్నా వెళ్ళాను.

మగ్గాల హోరులో మాట వినపడనివ్వని ఉధ్నా ఆ మధ్యాహ్నం నిద్రలో నడుస్తున్నట్టుంది. పావురాల రెక్కల చప్పుడు కూడా దగ్గరగా వినిపించింది. కార్ఖానా తలుపు తోశాను. రేకుల సందులోంచి జారిన ఎండలో నూలు ధూళి, కిందికి రావాలో వద్దో తేల్చుకోలేనట్టు, తేలుతూ ఉంది. ఒక సాలీడు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా మగ్గం మీద నేత సాగిస్తోంది. నాకు కనిపించిన ఉల్లంఘన అదొక్కటే.

ఇంతలో వీధిలోంచి రాజనర్సు కేక వినిపించింది.

"చేతులు కడుగకుండ్రి!"

దేశమంతా చేతులు కడుక్కోమంటున్న రోజులవి. కంగారుగా బయటికి వచ్చాను. పనివారి అద్దె గది మేడమీద ఉంది. దాని రెండు కిటికీల్లోంచి చేతులు, ఏదో తీగకు పూచినట్టు, జతలు జతలుగా బయటికి వచ్చాయి. కింద రాజనర్సు మాస్కు సర్దుకుంటూ లెక్కపెట్టాడు.

"ఎనబై!"

నేను ఆధారాలను గౌరవించే మనిషిని. "తొంభై ఉన్నాయి. నేనూ లెక్కపెట్టాను" అన్నాను.

అతను గొంతు తగ్గించాడు. "వేళ్ళు పదే ఉంటయని నాకెరుక లేదా సారూ? తిన్నవా అంటె అందరు తిన్ననే అంటరు. చెయ్యికి అబద్ధం రాదు. మా ఇంటామె సారక్క పప్పన్నం వండి పంపింది. ఎనిమిదిమంది చేతులు పచ్చగున్నయి. సదానందం చెయ్యి తెల్లగున్నది."

అప్పుడు పైకి చూశాను. నిజమే.

"ఏందిరా సదానందం?"

"పని లేకుంట తినుడు నాతోని గాదు కాకా. రేపు నడుసుకుంట ఊరికి వోత."

సిరిసిల్ల ఎన్ని రోజుల నడకో రాజనర్సు ముఖంలో కనిపించింది. నా వైపు తిరిగాడు. "పాలసీల పేరుంటె కొలువున్నట్టే అని వీండ్ల ధైర్యం సారూ. పేరు దీస్తె తొమ్మిదిమంది గూడ బయలెల్లుతరు." మళ్ళీ పైకి కేకవేశాడు. "ఒరే, గియ్యాల్టి సంది నీకు డ్యూటీ! అన్నం డబ్బా ఖాళీ జేసుడు!"

"ముద్ద గొంతుల వడితె బీమా ఇస్తదా?" సదానందం వెక్కిరించాడు.

కిటికీలన్నీ నవ్వాయి. రాజనర్సు మాత్రం నన్నే చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని, "యజమాని ఆజ్ఞ మీద చేసే పని గనుక, వాదించడానికి అవకాశం ఉంది" అని ప్రకటించాను.

కొంతసేపటికి ఒక పచ్చటి చెయ్యి బయటికి వచ్చింది.

"తొంబై! ఇగ సబ్బువెట్టి కడుగుండ్రి!" అని, రాజనర్సు నా కుడిచేతిని శ్రద్ధగా పరిశీలించాడు. "సారూ, మీ చెయ్యి గూడ తెల్లగనే ఉన్నది."

నేను ఉదయం నుంచి ఏమీ తినలేదు. వాదించడానికి అవకాశం లేదు.

పాలసీ ఆ సాయంత్రమే పునరుద్ధరించాను. ఈసారి దరఖాస్తులోనూ అతను తొంభై అనే రాసిన పనివారి సంఖ్యను తొమ్మిది అని సరిదిద్దాను. పక్కన ఒక పసుపు వేలిముద్ర పడింది. అది నాదే. దాన్ని మాత్రం సరిదిద్దలేదు.