జర్మనీ మనవడికి మా మామ్మ తీసిన దిష్టి

మా చిన్నప్పుడు... యాంగోన్‌లో, తామ్వేలోని మా ఇంట్లో, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం మామ్మ టీవీకి దిష్టి తీసేది. గుప్పెట్లో కళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు తిప్పి కుంపట్లో పడేసేది.

టీవీకి కాదు లెండి... అందులో ఆడే ఒక జర్మనీ కుర్రాడికి. వాళ్ళ తాత వేరే దేశం నుంచి కూలిపనికి జర్మనీ వెళ్ళాడని నాన్న చెప్పాడు. మామ్మ వాళ్ళ నాన్న కూడా విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడి బియ్యం మిల్లుకి వచ్చినవాడే. అంతే... ఆటలో ఓనమాలు తెలియని మామ్మకి ఆ రోజు నుంచి అతను సొంత మనవడైపోయాడు.

మిరపకాయలు కాలినా ఘాటు వచ్చేది కాదు. "సూసినావా, ఎంత దిష్టుందో ఆడికి!" అని మురిసిపోయేది. నిజానికి కుంపటి ఉండేది తెరిచిన కిటికీ పక్కన... ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు.

అతని జట్టు ప్రపంచకప్ గెలిచింది. గోడల మీద, చొక్కాల మీద అతనే... నేనూ పబేడాన్ బజారులో అతని చొక్కా కొనిపించుకుని, మా పేట అమ్మాయిల జట్టులో చేరాను. గోల్ కొడితే 'మన తామ్వే పిల్ల'. పోగొడితే 'కలా పిల్ల'... అంటే ఇండియా దాన్నని వెక్కిరింపు. నేనూ, మా నాన్నా పుట్టింది ఇక్కడే.

తర్వాతి ప్రపంచకప్‌లో జర్మనీ తొందరగా ఇంటిదారి పట్టింది. అంతకుముందే అతను తాతల దేశపు నాయకుడితో ఫోటో దిగాడు. ఆ ఫోటో తప్పేనని కొందరు, ఓటమికి అదొక సాకని కొందరు... మొత్తానికి నెత్తిన పెట్టుకున్నవాళ్ళే 'అసలు నువ్వు మావాడివేనా' అన్నారు. అతను దేశం జట్టు వదిలేశాడు.

అదే వారం నేను పెనాల్టీ పోగొట్టి, మళ్ళీ 'కలా పిల్ల' అనిపించుకున్నాను. బూట్లు మంచం కిందికి తోసి ప్రాక్టీసు మానేశాను. ఇంట్లో చెప్పలేదు గానీ చాలా ఏడుపొచ్చింది.

మామ్మ కనిపెట్టేసింది. ఫోన్‌లో అతని ఫోటో నా చేత పట్టించి, ఇద్దరికీ కలిపి ఒకే గుప్పెడు తిప్పింది. ఆ రోజు వాన... కిటికీ మూసి ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకటే దగ్గు!

మామ్మ కళ్ళు తుడుచుకుని కుంపటి వంక చూసింది.

"దిష్టి కాదే... దిష్టయితే ఇంత గాటొస్తాదేటి? మనుసులే. మనుసులకి మిరపకాయలు పన్జెయ్యవు. బూట్లేసుకో."

వేసుకున్నాను. ఇంకో రెండేళ్ళు ఆడాను. అతను మాత్రం మళ్ళీ ఆ చొక్కా వేసుకోలేదు.

ఇప్పుడు మామ్మ లేదు, కుంపటీ లేదు. ఎవరైనా ఒక మాట అంటే, అది దిష్టో మనుషులో తేల్చి చెప్పే దిక్కు లేదు... మీ ఇంట్లో ఆ తీర్పు ఎవరు చెప్పేవారు?