కోవా కొట్టాయన చేతులు

తొంభైల చివర్లో కొత్తపేట మెయిన్ రోడ్డు మీద నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలే ఎక్కువ. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళనే తీస్తున్నాను కానీ, ఊళ్ళో ఉండి మనకి కావలసినవన్నీ అందించేవాళ్ళని ఒక్కసారీ తీయలేదే అనిపించింది. గ్రంథాలయం పెద్దాయనతో ఆ మాటంటే ఆయన సంబరపడిపోయారు.

"తియ్యండి. మన హాల్లో గోడలకి పెడదాం. ఊరంతా వచ్చి చూస్తారు."

రోజూ మధ్యాహ్నం కెమెరా పట్టుకుని కొట్లన్నీ తిరిగాను. సైకిల్ షాపాయన మీసం దువ్వుకుని కూర్చున్నాడు. గాజుల కొట్టావిడ ఇంటికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. కాదన్నది ఒక్క కోవా కొట్టాయనే.

ఆయన పాలకోవా తినడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. మండువేసవిలో సైతం మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. అది ఆయన పద్ధతి అనుకునేవాళ్ళం.

"నా ఫొటో ఎందుకండి బాబూ. కొట్టు తీసుకోండి, బోర్డు తీసుకోండి. నన్నొదిలెయ్యండి," అన్నాడు.

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

మర్నాడు బోర్డు తీసే నెపంతో వెళ్ళి, కొట్టు పక్క సందులోంచి వెనక్కి నడిచాను. అక్కడ పెద్ద మూకుడులో పాలు మరుగుతున్నాయి. ఆయన చొక్కా విప్పేసి, చేతుల బనీనుతో, గరిటె తిప్పుతున్నాడు. ఆవిరిలోంచి ఏటవాలుగా ఎండ పడుతోంది. తనలో తను ఏదో పాడుకుంటూ నవ్వుకుంటున్నాడు. నేను మూడుసార్లు నొక్కాను. ఆయన చూడలేదు.

డార్క్‌రూమ్‌లో కాగితం మీద బొమ్మ తేలుతుంటే చూశాను. రెండు చేతుల మీదా మణికట్టు నుంచి మోచేతి దాకా, అక్కడ ఆవిరిలో నేను గమనించని తెల్లటి మచ్చలు. బొల్లి. ఆయన వద్దన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ తెలిసిన క్షణంలోనే ఆ కాగితం చింపేసి ఉండవలసింది. కానీ అంత మంచి ఫొటో నేను అంతకుముందు తీయలేదు. మిగతా వాటికంటే రెండింతలు పెద్దది చేసి, హాల్లో గుమ్మానికి ఎదురుగా పెట్టించాను.

జనం బాగా వచ్చారు. కొట్లవాళ్ళు పిల్లాపాపలతో వచ్చి తమ ఫొటోల పక్కన నిలబడ్డారు. పెద్దాయన నాకు శాలువా కప్పారు. అది భుజాల మీద ఉండగానే వెనక నుంచి ఎవరిదో ఆడగొంతు వినిపించింది.

"ఆ చేతులు చూసేరా? బొల్లి కదండీ?"

"అయ్యబాబోయ్, ఆ చేతుల్తోనే మనకి కోవా పెడుతున్నాడా?"

అది అంటుకునేది కాదని నాకు తెలుసు. వెనక్కి తిరిగి ఆ ఒక్కమాట చెప్పలేదు. పెద్దాయన నా గురించి మాట్లాడుతున్నారు, నేను వింటున్నాను.

కోవా కొనేవాళ్ళు వారం తిరక్కుండానే తగ్గిపోయారు. మా ఇంట్లోనూ కొనడం మానేశారు. ఆయన కొట్టు ముందు నుంచి వెళ్ళలేక, స్టూడియోకి చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి. మూడు నెలలకి కొట్టు మూసేసి, భార్యని తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడికని ఎవర్నీ అడగలేదు.

తర్వాత కొన్నేళ్ళకి ఓ పెళ్ళివాళ్ళతో మురమళ్ళ వెళ్ళాను. గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముతూ ఆయన కనిపించాడు. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. మచ్చలు ముఖం దాకా పాకాయి. నన్ను చూడగానే లేచి స్టూలు వేశాడు.

"రండి బాబూ, కూర్చోండి. ఎప్పుడొచ్చేరు?"

కూర్చోలేదు. "మీరు వద్దన్నా తీశాను. మచ్చలు చూసి కూడా పెట్టాను. తప్పు చేశానండి," అన్నాను.

ఆయన కాయలు ఒక్కొక్కటే సర్దాడు.

"చూసే పెట్టేరా?" అన్నాడు చివరికి. "తెలీక పెట్టేరనుకున్నానండి ఇన్నాళ్ళూ. మా ఆవిడతో కూడా అదే చెప్పేను."

అవునని తలూపాను.

"పోన్లెండి. ఇప్పుడు దాచుకునే బాధ లేదు. చేతులకి గాలి తగుల్తోంది," అన్నాడు. ఆ మాటకి నా గుండె తేలికైంది. అంత సులువుగా తేలికైనందుకు సిగ్గేసింది.

బస్సు కోసం నిలబడి ఉంటే ఆయన భార్య వెనకాలే వచ్చింది.

"ఆయన మీకు అలా చెప్తారండి. ఇంట్లో పాలు పొంగితే చాలు, లేచి బయటికెళ్ళిపోతారు. నేను టీ కూడా ఆయన లేనప్పుడే పెట్టుకుంటానండి," అంది. గొంతులో కోపం లేదు. నాకు తెలియాలని చెప్పింది, అంతే.

బస్సు వచ్చింది. ఎక్కాను. ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగి కొట్టు వైపు నడుస్తోంది.